గడ్డ నంబర్ 611

"ఈసారి నువ్వు వార్డు బాయ్‌వి," అన్నాడు చీఫ్, ఖాకీ చొక్కా ఒకటి బల్ల మీదికి విసిరి.

తాబేలు దాన్ని ముట్టుకోలేదు. యాభై నాలుగేళ్ళొచ్చాయి, మెట్లెక్కితే మోకాళ్ళు కటకటమంటున్నాయి, ఇంకా బాయ్ ఏమిటి నా మొహం అనుకున్నాడు. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతని అసలు పేరు ఫైలుకి తప్ప ఎవరికీ గుర్తులేదు. నెమ్మదిగా నడుస్తాడు, నెమ్మదిగా మాట్లాడతాడు, ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా దొరకలేదు. అందుకని తాబేలు. మొదట్లో ఆ పేరు వింటే ఒళ్ళు మండేది. ఇప్పుడు మండడానికి కూడా ఓపిక లేదు.

"చెప్పండి సార్."

చీఫ్ కడుపుమంట మందు రెండు మూతలు తాగి, మూతి తుడుచుకున్నాడు. "హాస్పిటల్ వెనక రీసెర్చ్ బ్లాక్. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒక ఫ్రీజర్. మైనస్ ఎనభై డిగ్రీలు. అందులో తొమ్మిది వందల రక్తం గడ్డలున్నాయి. స్ట్రోక్ వచ్చినవాళ్ళ మెదడు నాళాల్లోంచి సన్నటి తీగతో లాగి తీసినవి. ఇదివరకు పారేసేవాళ్ళట. ఇప్పుడో డాక్టరమ్మ వాటిని దాచి పరీక్షిస్తోంది. గడ్డ గుండెలో పుట్టిందా, మెడ నాళంలో పుట్టిందా, ఇంకెక్కడైనానా అన్నది దాన్ని చూసే చెప్పేస్తుందట."

"అయితే?"

"అయితే ఏంటయ్యా! స్ట్రోక్ ఎందుకొచ్చిందో తెలియని పేషెంట్లు బోలెడుమంది. కారణం తెలియకపోతే మళ్ళీ రాకుండా ఏ మందివ్వాలో ఎవరికీ తెలీదు. ఈవిడ అది కనిపెట్టేసింది. ఒక విదేశీ ముఠా ఆవిడ డేటా అంతా ఇప్పటికే కాపీ కొట్టేసింది. ఇక ఆ గడ్డలు కాస్తా కరిగిపోతే, ఈవిడ దగ్గర రుజువుండదు. విద్య మొత్తం వాళ్ళ గుప్పిట్లో ఉంటుంది."

"ఎప్పుడు?"

"ఈవేళే. నాలుగింటిలోపు. ఎక్సర్‌సైజులకొచ్చే పేషెంట్ వేషంలో ఒకడు లోపలికి చేరాడు. ఎవడన్నది నెమలి చెప్తుంది." చీఫ్ ఒక పెన్ను ముందుకి తోశాడు. "దీన్ని నొక్కావంటే మనవాళ్ళు పరిగెత్తుకొస్తారు."

"కిందటిసారి నొక్కితే సిరా వచ్చింది సార్."

"కొత్త మోడల్‌లే. ఇంకేమైనా అడగాలా?"

అడగాల్సింది లేదు గానీ, చెప్పాల్సింది ఒకటుంది. ఆ ఫ్రీజర్లో 611 నంబరు గడ్డ తాబేలు అక్కది.

తల్లి పోయాక అతన్ని పెంచింది అక్కే. రెండేళ్ళలో రెండు స్ట్రోకులు. మొదటిది కుడి చెయ్యి పట్టుకుపోయింది. రెండోది వచ్చినప్పుడు గంటలో హాస్పిటల్‌కి చేర్చాడు కాబట్టి తీగ వేసి గడ్డ లాగగలిగారు. ఎందుకొచ్చాయో మాత్రం తేలలేదు. స్కాన్లు చేశారు, గుండె చూశారు, మెడ చూశారు, అంతా బాగానే ఉందన్నారు. "మూడోది వస్తే మాత్రం నా చేతుల్లో ఉండదండీ," అని డాక్టరమ్మ ముందే చెప్పేసింది. ఇక మిగిలిన ఆశల్లా ఆ గడ్డే. ఆరొందల నంబర్ల వంతు రేపు. పరీక్ష మెషీన్‌లో పెట్టేది రేపు.

ఈ సంగతి చెప్తే సొంతవాళ్ళ కేసని తప్పించేస్తారు. తాబేలు ఖాకీ చొక్కా తీసుకున్నాడు.

రీసెర్చ్ బ్లాక్ వరండాలో అడుగు పెట్టీ పెట్టగానే వేషం బయటపడబోయింది. డాక్టరమ్మ ఎదురొచ్చి, కళ్ళజోడు పైకి తోసుకుంది. "మీరు 611 గారి తమ్ముడు కదూ? ఈ డ్రెస్సేంటండీ?"

"పార్ట్ టైమ్ అండీ," అన్నాడు తాబేలు.

"మంచిది. ఆ మూల తడిగా ఉంది, కాస్త తుడిచెయ్యండి," అని ఆవిడ వెళ్ళిపోయింది. రెండు రోజులుగా నిద్ర లేనట్టుంది పాపం. ఎవరేం చెప్పినా నమ్మే స్థితిలో ఉంది.

మూడింటికి క్యాంటీన్‌లో నెమలి కనబడింది. తెల్ల సూటు, ఎర్ర లిప్‌స్టిక్, మెళ్ళో విజిటర్ కార్డు. ఆమె ముఠాలో మన మనిషని చీఫ్ అంటాడు. ముఠావాళ్ళనడిగితే మనలో తమ మనిషంటారు. ఇద్దరూ చెప్పేదీ నిజమే.

తాబేలు బల్ల తుడుస్తూ కోడ్ మొదలుపెట్టాడు. "ఈ కుర్చీ ఖాళీయేనా మేడమ్?"

"ఖాళీయే. ఒక కాలు పొట్టి." ఆమె కాఫీలో చెంచా తిప్పింది. "ఈ కోడ్‌లు రాసేవాణ్ణి ఒక్కసారి చూడాలని ఉంది. నువ్వింకా రిటైరవలేదా?"

"అవ్వనివ్వట్లేదు. ఎవడు?"

"టైలర్. కుడి చెయ్యి పడిపోయిందని వస్తున్నాడే, అతను. నడుం బెల్టు మాటిమాటికీ తడుముకుంటుంటాడు చూడు." చెప్పి, అద్దంలో పెదాలు సరిచూసుకుని, హీల్స్ టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయింది.

మరీ తేలిగ్గా చెప్పేసింది. తాబేలుకి అదే నచ్చలేదు. మూడేళ్ళుగా నెమలి ఏ కబురూ బేరమాడకుండా ఇవ్వలేదు.

ఎక్సర్‌సైజు హాల్లో అప్పుడు మగ పేషెంట్లు ముగ్గురున్నారు. ఒకరు టైలర్. ఒకరు రిటైరైన లారీ డ్రైవరు, మనిషి సగం చచ్చుబడినా గొంతు మాత్రం హారన్‌లా మోగుతుంది. మూడో ఆయన ప్రొఫెసర్. మూతి ఒక పక్కకి, కాలు ఈడ్పు, మాట ముద్ద. ముగ్గురికీ కుడి పక్కే దెబ్బ. ముగ్గురూ ఆరు నెలల కిందటి కేసులు. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. కాగితాలదేముంది, తాబేలు జేబులో కూడా వార్డు బాయ్ అని సక్రమమైన కాగితమే ఉంది.

గడియారం మూడూ ఇరవై ఐదు. ఎలా తేల్చాలి? సూది గుచ్చి చూడలేడు. ఆలోచించడానికి టైము లేదు. నీళ్ళ బకెట్టూ తుడిచే కర్రా పట్టుకుని నడుస్తూ, కాలు జారినట్టు నటించాడు. సగం బకెట్టు టైలర్ మీద పడింది. అయ్యయ్యో అంటూ వెనక్కి తిరిగి, మిగతా సగం డ్రైవర్ మీదా ప్రొఫెసర్ మీదా పోశాడు.

"ఏమయ్యా, కళ్ళు నెత్తి మీద పెట్టుకున్నావా?" ఎక్సర్‌సైజులు చేయించే ఫిజియో అమ్మాయి కేకలేసింది. "పేషెంట్లకి జలుబు చేస్తే ఎవరు చూస్తారు? ఎక్కడ దొరికావయ్యా నువ్వు!"

"తప్పయిపోయిందమ్మా, ఇప్పుడే పొడి చొక్కాలు తెస్తా."

హాస్పిటల్ చొక్కాలు మూడు తెచ్చి తలా ఒకటి ఇచ్చి, నేల తుడుస్తూ కూర్చున్నాడు. చూపంతా చేతుల మీదే.

టైలర్ బతికున్న ఎడమ చేత్తో చచ్చుబడ్డ కుడి మణికట్టు పట్టుకుని, ముందు దాన్ని చొక్కాలోకి దూర్చాడు. భుజం దాకా లాగాడు. ఆ తర్వాతే ఎడమ చెయ్యి. డ్రైవరు తిట్టుకుంటూనే అదే పని చేశాడు. ప్రొఫెసర్ ఎడమ చెయ్యి ముందు తొడుక్కుని, కుడి భుజం కొంచెం వంచి, రెండోది సునాయాసంగా జార్చేసుకున్నాడు.

తాబేలు చేతిలో కర్ర ఆగిపోయింది. ప్రతి ఉదయం అక్కకి స్వెటర్ తొడిగేది తనే. పడిపోయిన చెయ్యి ముందు తొడగాలి, బాగున్నది తర్వాత. మొదటి నెల ఇది తెలియక, తిరగేసి తొడగబోయి, అక్క భుజం పట్టేసి కెవ్వుమంటే, తనూ ఏడ్చాడు. ఇది ఏ ట్రైనింగ్ స్కూల్లోనూ చెప్పరు. ముఠావాళ్ళు ఇతనికి నడక నేర్పారు, మూతి వంకర నేర్పారు, మాట ముద్దచెయ్యడం నేర్పారు. చొక్కా దగ్గర పప్పులో కాలేశారు.

పొద్దున లోపలికొచ్చేటప్పుడు ప్రొఫెసర్ భుజాన పెద్ద స్టీల్ ఫ్లాస్కు ఉంది. ఇప్పుడు లేదు.

తాబేలు పెన్ను నొక్కాడు. సిరా రాలేదు. ఇంకేమీ కూడా రాలేదు.

"సార్, మీ ఫ్లాస్కు ఎక్కడో మర్చిపోయినట్టున్నారు," అన్నాడు దగ్గరికెళ్ళి, మెల్లగా. "ఫ్రీజర్ రూములో గానీ పెట్టారా?"

ప్రొఫెసర్ మూతి వంకర క్షణంలో సర్దుకుంది. ఆర్నెల్లుగా కదలని కుడి చెయ్యి లేచి తాబేలు గొంతు పట్టుకుంది. పట్టు ఇనుప పట్టు. తాబేలుకి కళ్ళు బైర్లు కమ్మాయి. ఇరవై ఏళ్ళ కిందటైతే విదిలించుకునేవాడే. ఇప్పుడు కాళ్ళు కొట్టుకోవడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాడు. ఇలా పోతే రేపు అక్కకి స్వెటర్ ఎవరు తొడుగుతారు అన్న ఒక్క ఆలోచనే వచ్చింది.

ఠంగుమని చప్పుడైంది. ప్రొఫెసర్ కళ్ళు తేలేసి పక్కకి ఒరిగాడు. వెనకాల లారీ డ్రైవరు, ఎడమ చేతిలో నాలుగు కాళ్ళ ఊతకర్ర, ఆయాసం.

"దొంగ వెధవ! రోజూ నా పక్కనే కూర్చుని, నాకంటే బాగా కుంటుతున్నాడు!"

తాబేలు దగ్గుకుంటూనే వరండాలో పరిగెత్తాడు. పరుగంటే అతని లెక్కలో పరుగు. ఫ్రీజర్ రూములో డాక్టరమ్మ ఏదో రాసుకుంటోంది. ఫ్రీజర్ మీద ఎర్రంకెలు మైనస్ ఎనభై అని చూపిస్తున్నాయి. కానీ మోటారు చప్పుడే లేదు. వెనక చెయ్యి పెట్టి చూస్తే ఫ్లాస్కు తగిలింది, కాలుతోంది. దాన్నుంచి ఒక వైరు మోటారులోకి, ఇంకొకటి అంకెలు చూపించే సెన్సార్లోకి పోతున్నాయి.

"అమ్మా, ఆ అంకెలు అబద్ధం. లోపల కొలవండి."

డాక్టరమ్మ తలుపు తెరిచి చేతి థర్మామీటర్ పెట్టింది. మొహం పాలిపోయింది. "మైనస్ ఇరవై ఆరు. ఇరవై దాటితే ఇక దేనికీ పనికిరావు. పక్కగదిలో నైట్రోజన్ ట్యాంకుంది, అందులో పడేస్తే చాలు. కానీ... ఆ గది తాళం కార్డు ఏదీ? ఇక్కడే వేలాడుతుండాలి!"

తాబేలు వరండాలోకొచ్చి చూస్తే, కార్డు నెమలి చేతిలో ఉంది. వరండా చివర బయటికి పోయే తలుపు దగ్గర ఆమె నిలబడి ఉంది. ఒక చెయ్యి తలుపు మీద.

"నన్ను పట్టుకునే ఓపిక నీకు లేదు," అంది.

"లేదు," ఒప్పుకున్నాడు తాబేలు. గోడకి ఆనుకున్నాడు.

"డ్యూటీ, దేశం అని మొదలుపెట్టకు. రెండు దేశాల దగ్గరా విన్నాను."

"అందులో మా అక్కది ఉంది. 611. రేపు చూస్తామన్నారు. ఎందుకొస్తోందో తెలియకపోతే మూడోసారికి పోతుంది. నాకింకెవరూ లేరు. భయమేస్తోంది. అంతే."

నెమలి తలుపు మీంచి చెయ్యి తీసింది. డాక్టరమ్మ లోపల్నుంచి "ఇరవై నాలుగు!" అని అరిచింది.

"మూడేళ్ళలో నువ్వు నాకు చెప్పిన మొదటి నిజం," అంది నెమలి. వచ్చి పక్కగదికి కార్డు గీసింది. తలుపు తెరుచుకుంది.

పెట్టెలు తొమ్మిది. మందపాటి గ్లౌజులు తొడుక్కుని డాక్టరమ్మా తాబేలూ చెరొకటి మోసుకుంటూ పరిగెత్తారు. ఐదు పెట్టెలు వెళ్ళేసరికి ఇరవై మూడు. ఏడో పెట్టె ఎత్తేటప్పుడు తాబేలు మోకాలు మెలికపడింది. దేక్కుంటూ తోశాడు. తొమ్మిదోది తెల్లటి పొగలో మునిగేసరికి థర్మామీటర్ మైనస్ ఇరవై ఒకటి. నాలుగింటికి నిమిషం తక్కువ. పది నిమిషాల తర్వాత పిస్తోళ్ళు పట్టుకుని చీఫ్ మనుషులు దిగారు. నెమలి అప్పటికే లేదు. ఆమె ఏ వైపుకి వెళ్ళిందో చీఫ్ రిపోర్టులో రాయమన్నాడు. తాబేలు "చూడలేదు" అని రాశాడు.

నాలుగు రోజులకి డాక్టరమ్మ పిలిచింది. గడ్డ గుండె పైగదిలో పుట్టిందట. ఎప్పుడో ఒకసారి, కొద్ది నిమిషాలపాటు గుండె తాళం తప్పుతోంది. పరీక్ష చేసే రోజున బుద్ధిగా కొట్టుకుంటోంది కాబట్టి ఇన్నాళ్ళూ దొరకలేదు. "ఇక మందు తెలుసండీ. పొద్దునొకటి, సాయంత్రమొకటి. ఒక్క పూట కూడా మానకూడదు," అంది. తాబేలు చీటీని నాలుగుసార్లు చదివి, హాస్పిటల్ మెట్ల మీద కూర్చుని, సిగ్గుపడకుండా ఏడ్చాడు.

వారం తర్వాత, పొద్దున్నే అక్క దిండు గలీబు మారుస్తుంటే లోపల్నుంచి ఐదు బిళ్ళలు రాలాయి.

"ఇదేంటే అక్కా?"

అక్క గోడవైపు చూసింది. "చేదు... రా. కడుపులో... తిప్పుతుంది."

"నా ఎదురుగానే మింగావు కదే!"

"నువ్వు... చూస్తే... మింగినట్టే... కనిపిస్తుంది."

ముప్పై ఏళ్ళలో ఎందరో హేమాహేమీలు అతని కళ్ళుగప్పలేకపోయారు. తాబేలుకి కోపం రాబోయి, మధ్యలోనే నీరుగారిపోయింది. మంచం అంచున కూలబడ్డాడు. "నువ్వు పోతే నేనేం చెయ్యనే? చెప్పు."

అక్క నోరు తెరిచింది. బిళ్ళ వేసి, నీళ్ళ గ్లాసు అందించాడు. గుటక వేసింది.

"నాలుక ఎత్తు."

ఎత్తింది.

"బుగ్గలు చూపించు."

ఫోను మోగింది. చీఫ్. కొత్త మిషన్, అర్జంటు, సాయంత్రానికి ఫ్లైట్ అన్నాడు.

"రాలేను సార్," అన్నాడు తాబేలు, అక్క ఎడమ బుగ్గ మీంచి చూపు తిప్పకుండా. "నిఘాలో ఉన్నాను. మహా గట్టి పార్టీ. ఎన్నేళ్ళు పడుతుందో చెప్పలేను."