కూర పొట్లానికి దారం

చోడవరంలో హరిబాబు నడిపే కర్రీ పాయింటుకి ఝాన్సీ టీచరు రోజూ వస్తుంది. బడి వదలగానే వచ్చి ఒక్క కూరే కొంటుంది. రబ్బరు బ్యాండ్లు మాత్రం ఎక్కువ అడుగుతుంది. నవ్వొస్తే చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంటుంది.

"ఏటండీ, బెండకాయ కూర మాకాడ కొని, ఇంటికాడ రబ్బరు పులుసెడతన్నారా?" అన్నాడు హరిబాబు ఓ సాయంత్రం.

చున్నీ అందేలోపే ఆమెకు నవ్వొచ్చేసింది. ముందు పళ్లు రెండింటినీ కలిపి చుట్టిన రబ్బరు, దాని పైన ఎర్రగా ఉబ్బిన చిగురు అతనికి కనిపించాయి.

"అది తీసీండి," అన్నాడు నవ్వడం మానేసి.

"నా పళ్లతో మీకేటి పని? మధ్యలో సందుందని ఓ సంబంధం పోయింది. ఇంకోటి పోతే మీరొచ్చి చేసుకుంటారేటి?"

కూర తీసుకోకుండానే వెళ్లబోయింది. హరిబాబు అటు తిరిగి, తన ముందు పన్ను ఊడదీసి, అరచేతిలో పెట్టుకుని ఇటు తిరిగాడు. ఆ ఖాళీని కన్నతల్లికి కూడా చూపించలేదు అతను. సిగ్గుతో చెవులు కాలిపోతున్నా నోరు మూసుకోలేదు.

"ఇది పెట్టుడు పన్నండి. నాకూ సందుండేది, మీలాగే రబ్బరేసేను. ఆ రబ్బరు చిగురు లోపలికి జారిపోయింది, తెలీనేదు. పన్ను ఊడి చేతిలోకొచ్చింది. మీకలాగవకూడదు."

మర్నాడు ఝాన్సీ పళ్ల డాక్టరు రూపాదేవి దగ్గరికి వెళ్లింది. తోడుగా వచ్చిన హరిబాబు బయట బెంచీ మీద కూర్చున్నాడు.

"చిగుళ్ల జబ్బుతో లోపల ఎముక తగ్గి పళ్లు విడిపోయాయమ్మా," అంది డాక్టరు రబ్బరు తీసేసి. "ఇప్పుడే క్లిప్పులు వేస్తే ఉన్న పట్టు కూడా పోతుంది. ముందు చిగుళ్లు మానాలి. తర్వాత కొలిచి, క్లిప్పులు అసలు అవసరమో కాదో చూద్దాం. నమలడానికి ఇబ్బందా?"

"లేదు మేడం. నవ్వడానికి."

"అదీ చూడాల్సిందే," అంది డాక్టరు, తేలిగ్గా తీసుకోకుండా.

వానాకాలానికి చిగుళ్లు గట్టిపడ్డాయి. సందు కొంత దానంతటదే తగ్గింది. డాక్టరు దగ్గర చివరి పరీక్ష రోజు ఝాన్సీ జల్లులో తడుస్తూ నేరుగా హరిబాబు కొట్టుకి వచ్చింది.

"ఏటన్నారు డాక్టరమ్మ?"

"పళ్లు నిలబడ్డాయి. క్లిప్పులు వేసుకున్నా పర్లేదు, వేసుకోకపోయినా పర్లేదంట. నా ఇష్టమే అన్నారు. అక్కర్లేదని చెప్పేసేను. నవ్వడానికి ఇబ్బంది పోయిందన్నాను."

"ఎప్పుడు పోయిందండీ?"

"మీరు పన్ను తీసి చూపించినప్పుడే."

హరిబాబు పొట్లానికి దారం చుట్టసాగాడు. పన్ను తీసి చూపించిన సాయంత్రం నుంచి అతని కొట్లో రబ్బరు బ్యాండ్లు లేవు. దారం ముడులు ఊడి రావడం లేదని జనం సణుగుతున్నా వినడం లేదు.

"ఇంకో సంబంధం పోతే మీరు చేసుకుంటారేటి అనడిగేను. జవాబు చెప్పనేదు మీరు."

అతని వేళ్లలో దారం జారిపోయింది.

"పోకపోయినా సేసుకోవాలనే ఉందండి."

ముడి జారకుండా ఝాన్సీ దాని మీద వేలు పెట్టింది. నవ్వుతూనే ఉంది. చున్నీ భుజం మీదే ఉంది.