నీలి గీత దాటిన నీళ్ళు

"సంపు అంటావేటే? సంపు వీధి గుమ్మం దగ్గర ఉన్నాది కదా!" అంది నాన్నమ్మ.

హేమకి నవ్వాగలేదు. "అది మనం వాడుకునే నీళ్ళకి, నాన్నమ్మా. ఇది చేపల సంపు."

ఆదివారం మధ్యాహ్నం. తమ కిరాణా కొట్టు వెనక గదిలో త్రినాథ్ మావయ్య నేల మీద పడుకుని, బల్ల కింద పైపు బిగిస్తున్నాడు. మావయ్య కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఇంటికి వస్తే మాత్రం చేపలే లోకం.

బల్ల మీద పెద్ద గాజు తొట్టి. బల్ల కింద ఇంకో చిన్న తొట్టి, అదే సంపు. పై తొట్టి అంచు దగ్గర ఒక రంధ్రం ఉంది. నీళ్ళు ఆ రంధ్రం దాకా రాగానే పైపులోంచి కిందికి జారతాయి. కింది తొట్టిలో మూడు అరలు. మొదటి అరలో మురికి ఆగుతుంది. రెండో అరలో సముద్రపు నాచు ఉంది. మూడో అరలో ఉన్న మోటారు నీళ్ళని మళ్ళీ పైకి తోస్తుంది.

"నాచెందుకు మావయ్యా?"

"చేపలు వదిలిన మురికి అది తింటాది. బుల్లి రొయ్యలు అందులోనే దాక్కుంటాయి. పైన ఉంటే చేపలు మింగేస్తాయి కదేటి!"

మావయ్య మార్కరు తీసి కింది తొట్టి గాజు మీద ఒక నీలి గీత గీశాడు. అంచుకి జానెడు కింద.

"ఈ గీత దాటి నింపకు. ఎందుకో మోటారు బిగించాక సెప్తాను."

మోటారు బిగించాడు. అది గుయ్యిమని తిరిగింది. నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న రెండు చేపలు తోకలాడించాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సందట్లో చెప్పడం మావయ్య మరిచిపోయాడు. అడగడం హేమ మరిచిపోయింది.

నాన్న తిరుమలరావు మాత్రం చప్పట్లు కొట్టలేదు. గోడ వారగా, సాలూరు లారీలోంచి దిగిన బియ్యం బస్తాలు పేర్చి ఉన్నాయి. ఆయన వాటి వంక చూశాడు.

"సూడు త్రినాథ్, నా బస్తాల కిందికి నీళ్ళొచ్చాయంటే ఈ తొట్టి మీ ఇంటికే."

"ఒక్క సుక్క రాదు బావా!"

ఆ రోజు నుంచి హేమ బడి నుంచి రాగానే తొట్టి ముందు కూర్చునేది. అన్నీ బాగున్నాయి. ఒక్క కింది తొట్టే ఆమె కళ్ళకి నచ్చలేదు. గీత పైన అంతా ఖాళీ.

కొట్టులో నాన్నమ్మ మరమరాలు కొలిచే పద్ధతి హేమకి తెలుసు. తవ్వ నిండాక ఇంకో గుప్పెడు పోసి, గోపురంలా చేస్తేనే ఆవిడకి తృప్తి. "వెలితిగా కొలిస్తే కొట్టుకి కళ ఉండదే" అనేది. హేమ ఆ కొట్టులోనే పెరిగింది. ఏ డబ్బాలో వెలితి కనిపించినా ఆమె చేతులు ఊరుకోవు.

గది మూల ఒక క్యానులో నీళ్ళు మిగిలాయి. భోగాపురం వైపు సముద్రం నుంచి తెచ్చి, గుడ్డలో వడకట్టినవి. ఒక సాయంత్రం హేమ ఆ క్యాను ఎత్తి కింది తొట్టిలో వంచింది. నీళ్ళు గీత దాటాయి. అంచుకి కొంచెం కిందికి వచ్చాక ఆపింది.

ఇప్పుడు నిండుగా ఉంది. హేమకి హాయిగా అనిపించింది.

మర్నాడు పొద్దున్నే గాలి రేగింది. కరెంటు పోయింది. మోటారు ఆగింది.

పైనుంచి దిగే నీళ్ళు మాత్రం ఆగలేదు. రంధ్రం పైనున్నవన్నీ కిందికి వస్తూనే ఉన్నాయి. పైకి తోసేవాళ్ళు లేరు. హేమ చూస్తుండగానే నీళ్ళు అంచు దాకా ఉబ్బి, గాజు మీంచి జారి, నేల మీద పరుచుకున్నాయి. తువ్వాలు వేసింది. అరచేతులు అడ్డం పెట్టింది. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి బస్తాల కిందికి పోయాయి.

కాసేపటికి కరెంటు వచ్చి, మోటారు నీళ్ళని పైకి తోసినా మట్టం గీత పైనే ఉంది. గదిలో ఇంకా ఎవరూ లేరు. హేమ మగ్గు తీసుకుని, గీత దాకా వచ్చేవరకు నీళ్ళు తోడి పెరట్లో పారబోసింది.

తర్వాత నాన్న వచ్చాడు. కింది వరస బస్తాలు తడిశాయి.

"సెప్పానా! మీ మావయ్య పైపు అతుకులు ఇలాగే ఉంటాయి" అన్నాడు.

హేమ ఏమీ అనలేదు. తాను ఏమీ అనలేదు కాబట్టి అబద్ధం ఆడినట్టు కాదని మనసులో అనుకుంది.

"ఈ బియ్యం వండితే అన్నంలో ఉప్పెయ్యక్కర్లేదు" అంది నాన్నమ్మ. ఎవరూ నవ్వలేదు.

సాయంత్రం మావయ్య వచ్చాడు. ఒక్కో అతుకునీ వేలితో తడిమాడు. అన్నీ పొడిగానే ఉన్నాయి. మళ్ళీ తడిమాడు. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి, తన వేళ్ళని తనే నమ్మనట్టు చూసుకుంటున్నాడు.

"ఎక్కడ కారిందో తెలీలేదు బావా. నాకే సరిగ్గా కుదర్లేదేమో. మాటంటే మాటే. పట్టుకుపోతాను."

సంచిలోంచి రంపం తీశాడు. దాన్ని పైపు మీద ఆనించాడు.

"మావయ్యా, కొయ్యకు!"

ముగ్గురూ హేమ వంక చూశారు.

"అతుకు కారలేదు. నేను... నేను గీత దాటి నింపాను. కరెంటు పోతే పొంగింది. మీకు తెలీకుండా తోడి పారబోశాను."

నాన్న ముఖం ఎర్రబడింది. "పొద్దున్న నేను మీ మావయ్యని అంటున్నప్పుడు నోరు పడిపోయిందేటే?"

హేమ తల వంచుకుంది. "భయమేసింది. తొట్టి పట్టుకుపోతారని."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడూ భయంగానే ఉన్నాది." కళ్ళు తుడుచుకుంది. "మావయ్య అతుకులు బాగున్నాయి నాన్నా. సూడు."

ఆమె వెళ్ళి మోటారు స్విచ్ ఆపేసింది. గుయ్యిమనే శబ్దం ఆగింది. నీళ్ళు కిందికి దిగసాగాయి. కింది తొట్టిలో మట్టం నీలి గీత దాటింది. నాచు ఊగింది. ఇంకా పెరిగింది. నాన్న గబుక్కున ఒక బస్తాని వెనక్కి లాగాడు. హేమ కదలలేదు.

అంచుకి ఇంకా రెండు వేళ్ళ వెలితి ఉండగా నీళ్ళు ఆగిపోయాయి.

నాన్న వంగి నేలని అరచేత్తో తడిమాడు. పొడిగా ఉంది.

"ఆ ఖాళీ ఇందుకా!" అంది నాన్నమ్మ.

"ఇందుకే. గీత గీశాను గానీ ఎందుకో సెప్పలేదు, నాదీ తప్పే" అన్నాడు మావయ్య. రంపం సంచిలో పెట్టేశాడు. వేళ్ళు ఇంకోసారి చూసుకుని నవ్వాడు.

నాన్న చేతులు దులుపుకుని లేచాడు. తర్వాత బావమరిది భుజం మీద చెయ్యి వేశాడు. "ఊరికే మాటన్నాను రా." హేమ వైపు తిరిగాడు. "స్విచ్ వెయ్యి. చేపలకి ఊపిరాడొద్దేటి?"

మర్నాడు ఉదయం వీధి అరుగు మీద పట్టా పరిచి, తడిసిన బియ్యం ఆరబోశారు. కోళ్ళు రాకుండా హేమ కర్ర పట్టుకుని కూర్చుంది. పక్కింటి తాయారు పిన్ని పప్పు కోసం వచ్చి ఆగింది.

"ఏటమ్మా, బియ్యం తడిశాయి? వానేటి?"

నిన్న గాలి బాగా వీచింది. వాన అని చెప్పినా నమ్మేదే. నాన్న తక్కెడ దగ్గర నుంచి తలెత్తలేదు, కానీ తూకం వేస్తున్న చెయ్యి ఆగింది.

"వాన కాదు పిన్నీ. నేనే చేపల తొట్టి ఎక్కువ నింపేశాను. కరెంటు పోగానే పొంగిపోయింది."

"నువ్వా! కరెంటు పోతే తొట్టి ఎలా పొంగుతాదే?"

"దానికో కారణం ఉన్నాది. రా, సూపిస్తాను."

కర్ర నాన్నమ్మ చేతికిచ్చి, హేమ పిన్నిని వెనక గదిలోకి తీసుకెళ్ళింది. స్విచ్ మీద వేలు పెట్టింది.

తాయారు పిన్ని చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, గుమ్మం దాకా వెనక్కి జరిగింది.

"ఏం కాదు పిన్నీ" అని హేమ స్విచ్ ఆపింది.