నోరు తెరిచే పిస్తోలు

అవే లైట్లు!

ఒకటి తెల్లగా, రెండోది పచ్చకామెర్ల కన్నులా పసుపుగా.

ఆర్లిస్ అద్దంలోకి చూస్తాడు. యాక్సిలరేటర్ తొక్కుతాడు. పాడైన బండ్లు లాగే టో ట్రక్కు వెనక గొలుసులు గణగణమంటాయి. మలుపు... ఇంకో మలుపు... చలికాలం, సాయంత్రానికే కొండ రోడ్డంతా చీకటి. తారు మీద పలచగా మంచు.

ఆ లైట్లూ మలుపు తిరుగుతాయి!

"మెల్లగా బావా! చావడానికి అంత తొందరేంటి?"

పక్క సీట్లో డెన్వర్. ఆర్లిస్ భార్య నోరాకి తమ్ముడు. మొహం నిండా గడ్డం, దవడలో పొగాకు, చేతిలో ఉమ్మడానికి ఖాళీ కోలా సీసా.

"వారం నుంచీ అదే బండి," అంటాడు ఆర్లిస్.

"నేపియర్ ముసలాడిదే అయ్యుంటుంది. ముందే చెప్పానా, వాడు ఊరుకోడని! అందుకేగా ఓ పిస్తోలు జేబులో పెట్టుకోమంటున్నా."

రేపు పొద్దున్న ఆర్లిస్ కోర్టులో జ్యూరీ ముందు సాక్షిగా నిలబడి నోరు తెరవాలి.

పోయిన నెల వానలో, డెయిరీ బార్ అనే ఐస్‌క్రీం కొట్టులో పని ముగించుకుని నడిచి ఇంటికి పోతున్న క్రిస్టా అనే పిల్లని ఒక పికప్ గుద్దేసింది. అటుగా వస్తున్న ఆర్లిస్ అందరికంటే ముందు అక్కడికి చేరాడు. గుంటలో బండి. బండి పక్కన, బొగ్గు లారీల యజమాని క్లైడ్ నేపియర్ కొడుకు డస్టీ, వాంతి చేసుకుంటూ. పిల్ల అప్పటికే పోయింది.

అంతేనా?

కాదు. స్టీరింగ్ వైపు తలుపులోంచి ఇంకొకడు దూకి చెట్లలోకి పరుగెత్తాడు. మొహం కనిపించలేదు. ఆ సంగతి ఆర్లిస్ షెరీఫ్‌కి కూడా చెప్పలేదు. షెరీఫ్ మీద నమ్మకం లేదు. అసలు ఎవడి మీదా లేదు. బొగ్గు గని పైకప్పు గట్టిగా ఉందన్న ఇంజనీరుని ఒకసారి నమ్మాడు. అది కూలింది. ఎడమ చేతికి బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి.

ఒక్క డెన్వర్‌కి చెప్పాడు. ఇంటి మనిషి కదా!

మలుపు దాటగానే లైట్లు ఆర్పేస్తాడు ఆర్లిస్. స్టీరింగ్ కుడికి తిప్పేస్తాడు. ట్రక్కు కంకర మీద జారుతుంది... ఊగుతుంది... తుపాకుల షాపు పక్క రేకుల షెడ్డు వెనక ఆగుతుంది.

రోడ్డు మీద ఆ బండి సర్రున దాటిపోతుంది.

పోయింది. ఎంతసేపటికి?

* * *

"తలుపెయ్యండి! కొండంతా వేడి చెయ్యడానికి నేనేమన్నా బొగ్గు కంపెనీనా?"

జెల్మా కాడిల్. డెబ్భై దాటిన మనిషి. షాపులో సగం చేపల ఎరలు, సగం తుపాకులు. కౌంటర్ వెనక కూర్చుని, గిన్నెలో చిక్కుడు గింజల్లోకి మొక్కజొన్న రొట్టె తుంపుకుని తింటోంది.

"జేబులో పట్టేది కావాలి పెద్దమ్మా. ఉన్నట్టు కనిపించకూడదు," అంటాడు ఆర్లిస్.

"ఎవరికి కనిపించకూడదు? మీ ఆవిడకా?"

డెన్వర్ పగలబడి నవ్వుతాడు. ఆర్లిస్ నవ్వడు. కిటికీలోంచి రోడ్డు వైపే చూస్తాడు.

"ఇదిగో, ఇది తీసుకో బావా." డెన్వర్ అప్పుడే కౌంటర్ అద్దం మీద వేలు పెట్టేశాడు. అరచేతిలో ఇమిడే నల్ల పిస్తోలు.

జెల్మా దాన్ని తీస్తుంది. పిడిలోంచి తూటాల మ్యాగజైన్ ఊడదీస్తుంది. పైనున్న ఇనప తొడుగు, అదే స్లయిడ్, వెనక్కి లాగి ఖాళీ అని చూపించి మరీ ఇస్తుంది. ఆర్లిస్ కూడా తొంగి చూస్తాడు. అక్కడ అదే మర్యాద. ఇచ్చేవాడు పాస్టరైనా సరే, పుచ్చుకునేవాడు మళ్ళీ చూసుకోవాల్సిందే.

ఆర్లిస్ ఆ రెండు వేళ్ళతో స్లయిడ్ పట్టుకుంటాడు. లాగుతాడు.

కదల్లేదు!

పళ్ళు బిగిస్తాడు. మెడ నరాలు ఉబ్బుతాయి. వేళ్ళు జారిపోతాయి.

"చిన్నది కదా, తేలిగ్గా ఉంటుందనుకుంటారు మగాళ్ళు. కొని పెళ్ళాల చేతుల్లో పెడతారు," జెల్మా రొట్టె నములుతూ అంటుంది. "పిస్తోలు ఎంత చిన్నదైతే దాని స్ప్రింగు అంత మొండిది. మనుషుల్లాగే."

"దానికేముంది? నేను లాగి, నింపి ఇస్తాగా!" అంటాడు డెన్వర్.

"మళ్ళీ నింపాల్సొస్తే?"

"అంతదాకా వస్తుందా ఏంటి బావా!"

ఆర్లిస్ వాడి మొహంలోకి చూస్తాడు. ఎందుకంత ఉబలాటం వీడికి?

జెల్మా పొట్టి రివాల్వర్ తీసి పెడుతుంది. "ఐదు తూటాలు. ఒకటి తుస్సుమంటే మళ్ళీ నొక్కు, పక్కది వస్తుంది. బుద్ధున్నవాడు ఇదే కొంటాడు."

ఆర్లిస్ దాన్ని గోడ మీద జింక తలకి గురిపెడతాడు. ట్రిగ్గర్ బరువు. చాలా దూరం లాగాలి. గనిలో ఏళ్ళ తరబడి డ్రిల్లు పట్టిన కుడి చెయ్యి వణుకుతుంది. గొట్టం కొస కుక్క తోకలా ఊగుతుంది. జేబులో పెట్టుకుంటే బత్తాయి దాచుకున్నట్టు ఉబ్బు.

"జింక బతికిపోయింది," అంటుంది జెల్మా. "చచ్చినదే అయినా."

డెన్వర్ ఫోన్ మోగుతుంది. వాడు తెర చూస్తాడు. మొహం మారుతుంది.

"పని దగ్గర్నుంచి..." అంటూ బయటికి పోతాడు.

పని దగ్గర్నుంచా? డెన్వర్ తోలేది నేపియర్ బొగ్గు లారీయే!

కిటికీ అద్దంలోంచి వాడి వీపు కనిపిస్తోంది. చెయ్యి గాల్లో కత్తిలా ఆడుతోంది. ఎవర్నో తిడుతున్నాడు. మాట వినిపించదు.

"పిస్తోలు కొనాలన్న ఆలోచన నీదా, వాడిదా?" జెల్మా అడుగుతుంది.

"వాడే తీసుకొచ్చాడు."

"ఊఁ."

అంతే అంది. ఆర్లిస్ మళ్ళీ ఆ వీపు వైపు చూస్తాడు.

జెల్మా కౌంటర్ కింద నుంచి గుడ్డలో చుట్టినది తీస్తుంది. పాత ఇటలీ సరుకు. చెక్క పిడి అరిగి నున్నగా ఉంది. పక్కనున్న చిన్న మీట నొక్కుతుంది.

టిక్!

బ్యారెల్ వెనక కొస పైకి లేస్తుంది. పిస్తోలు నోరు తెరిచింది!

"స్లయిడ్ లాగే పని లేదు. పిల్లాడి నోట్లో మాత్ర వేసినట్టు తూటా వెయ్యి. నోరు మూసెయ్. మిగతా ఏడూ కింద మ్యాగజైన్‌లో."

ఆర్లిస్ రెండు వేళ్ళతో మీట నొక్కుతాడు. తెరుచుకుంది. నొక్కాడు. మూసుకుంది. గని కూలిన తర్వాత ఆ చెయ్యి చెప్పినట్టు విన్న మొదటి వస్తువు ఇదే!

"ట్వంటీటూ తూటా నాయనా, మరీ చిన్నది, గుర్తుంచుకో. దీనితో ఎలుగుని కొడితే దానికి ఒళ్ళు మండుతుంది, అంతే. మనిషైనా సరే, ఉమ్మితే మీద పడేంత దగ్గరుంటేనే కాల్చు. అంతకంటే దూరముంటే పరుగెత్తు."

ఆమె ఫోన్ చేస్తుంది. అవతల ప్రభుత్వం వాళ్ళు నేరస్థుల జాబితాలో ఆర్లిస్ పేరు వెతికి, లేదని, అమ్ముకోమంటారు.

"నింపుకోవడం గుమ్మం దాటాక!"

వరండాలో డెన్వర్ లేడు. షెడ్డు పక్క నుంచి గొంతు మాత్రం వినిపిస్తోంది. "...నోరు మూసుకునుండు, అర్థమైందా!"

ఆర్లిస్ పిస్తోలు నోట్లో తూటా వేసి మూస్తాడు. మ్యాగజైన్ తోస్తాడు. పిస్తోలు కోటు జేబులో మాయమైపోతుంది.

"కొన్నావా?" డెన్వర్ మూతి తుడుచుకుంటూ వస్తాడు.

"బండెక్కు."

* * *

క్యాబిన్‌లో చీకటి. హీటర్ గురక పెడుతోంది.

"ఏదీ... చూడనీ."

ఆర్లిస్ జేబులోంచి తీసి ఇచ్చేస్తాడు!

ఆ కొండల్లో అంతే. దొంగ సారా సీసా దాస్తారు గాని, కొత్త తుపాకీ చూడనీ అంటే ఇవ్వనివాడు ఇంకా పుట్టలేదు. చెయ్యి దాటాక గాని ఆర్లిస్‌కి తప్పు చేశానని తట్టలేదు.

టక్. మ్యాగజైన్ ఊడింది.

చక్! డెన్వర్ స్లయిడ్ లాగాడు. చక్! మళ్ళీ లాగాడు. ఏమీ రాలి పడలేదు.

"ఆడాళ్ళ సంచీలోది కొన్నావేంటి బావా! బ్యారెల్‌లో ఏం పెట్టుకోలేదా?"

"లేదు."

ఎందుకు అబద్ధమాడాడో ఆర్లిస్‌కే తెలీదు. మూడు వేళ్ళు పోగొట్టుకున్నవాడి నాలుక తనంతట తనే వెనక్కి జరుగుతుంది.

వేరే ఏ పిస్తోలైనా స్లయిడ్ లాగితే లోపలి తూటా బయటికొచ్చి పడుతుంది. దాన్ని పట్టి లాగే కొక్కెం ఉంటుంది. దీనికి ఆ కొక్కెమే లేదు! నోరు తెరిచి తీస్తేనే వస్తుంది. డెన్వర్‌కి ఆ నోరు సంగతే తెలీదు. ట్రిగ్గర్ నొక్కి చూస్తాడా? చూడడు. ట్వంటీటూ పిస్తోలుని తూటా లేకుండా పేలిస్తే పాడవుతుందని అక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు.

"ఇదిగో."

ఆర్లిస్ అందుకుంటాడు. తేలిగ్గా ఉంది. మరీ తేలిగ్గా... జేబులోకి దించుతూ చిటికెనవేలు పిడి అడుగున పెడతాడు.

వేలు లోపలికి పోయింది!

బొక్క. మ్యాగజైన్ లేదు.

డెన్వర్ కిటికీలోంచి బయటికి చూస్తూ ఈల వేస్తున్నాడు.

నోరా తమ్ముడు! ఆదివారం చర్చిలో పక్కన కూర్చునేవాడు! అడగాలా? అడిగితే ఏం చేస్తాడు? వాడి నడుముకి ఎప్పుడూ జింకల వేట రివాల్వర్ ఉంటుంది. ఆ బొగ్గు లారీ కోసం అమ్ముడుపోయాడా?

అద్దంలో వెలుగు.

ఒకటి తెలుపు. ఒకటి పసుపు!

వెనక నుయ్యి, పక్కన గొయ్యి.

"ఎడమకి తిప్పు!" డెన్వర్ ఈల ఆపేశాడు. "పాత బొగ్గు తొట్టి దారి. వాడు గమనించడు."

ఆర్లిస్ తిప్పుతాడు. వేరే దారేదీ? గతుకులు... కంప కొమ్మలు అద్దాన్ని గీరుతాయి... ఎదురుగా లారీల్లోకి బొగ్గు దించే తుప్పు పట్టిన తొట్టి, పెద్ద అస్థిపంజరంలా.

"ఆపు. లైట్లు ఆర్పు."

డెన్వర్ దిగుతాడు. బానెట్ ముందు నుంచి చుట్టూ తిరిగి వస్తాడు. ఆర్లిస్ వైపు తలుపు తెరుస్తాడు.

"దిగు బావా."

చేతిలో వేట రివాల్వర్!

ఆర్లిస్ దిగుతాడు. కాళ్ళ కింద బొగ్గు పొడి కరకరలాడుతుంది.

"నేపియర్ నీకెంత పెద్ద ఎముక వేశాడ్రా?"

"నేపియరా?" డెన్వర్ నవ్వబోతాడు. రాదు. "నీకింకా అర్థం కాలేదా? స్టీరింగ్ వైపు తలుపు అన్నావు చూడు... ఆ మాట నాకు చెప్పకుండా ఉండాల్సింది బావా."

చెట్లలోకి పరుగెత్తిన ఆ నీడకి ఇన్నాళ్ళకి మొహం వచ్చింది. గడ్డంతో.

"నువ్వా!"

"తాగి ఉన్నా. వాన. ఆ పిల్ల ఎక్కణ్ణుంచి వచ్చిందో..." మోచేత్తో ముక్కు తుడుచుకుంటాడు. రివాల్వర్ మాత్రం దించడు. "రేపు ఒక్క మాట చెప్పు. డస్టీ ఒక్కడే ఉన్నాడని. అంతే! ఇంటికి పోదాం. అక్క వంట చేసుంటుంది."

ఆర్లిస్ కళ్ళ ముందు తెల్ల బూటు. వానలో, రోడ్డు మధ్యలో, తన హెడ్‌లైట్ల వెలుగులో. ఒక్కటే బూటు.

"చెప్పలేనురా."

"చెప్పు బావా! నీ కాళ్ళు పట్టుకుంటా!"

"తుపాకీ పట్టుకుని కాళ్ళెలా పట్టుకుంటావు? ...చెప్పలేను."

డెన్వర్ కళ్ళు తుడుచుకుంటాడు.

"మీ అక్కకేం చెప్తావు?"

"నేపియర్ చంపించాడని చెప్తా. ఊరంతా నమ్ముతుంది. నువ్వే నమ్మావుగా!"

వెలుగు!

మలుపులోంచి పసుపు కన్ను వాళ్ళ మీద పడింది. బ్రేకుల కీచు. దుమ్ము.

డెన్వర్ ఉలిక్కిపడతాడు. "ఎవడు వాడు?!"

వీడికి తెలీదు... ఆ బండి వీడి మనుషులది కాదు!

తలుపు తెరుచుకుంటుంది. పొడుగాటి ముసలాడు, చేతులు రెండూ పైకెత్తి, వెలుగులోకి వస్తాడు. క్లైడ్ నేపియర్!

"ఆర్లిస్! వారం నుంచి నీతో మాట్లాడదామని తిరుగుతున్నా. నువ్వేమో దెయ్యాన్ని చూసినట్టు పారిపోతావు! బండి తోలింది మావాడు కాదయ్యా! ఇదిగో వీడు! చెబితే చంపుతానని ఇందాక కూడా మావాడికి ఫోన్లో..."

డెన్వర్ రివాల్వర్ గిర్రున ముసలాడి వైపు తిరిగింది. సుత్తి వెనక్కి లేచింది.

క్లిక్!

ఆర్లిస్ చెయ్యి జేబులోంచి బయటికొచ్చింది.

డెన్వర్ ఓరగా చూస్తాడు. అరచేతిలో ఆ బొమ్మ పిస్తోలు. వాడి పెదాలు విచ్చుకుంటాయి. నిదానంగా తల తిప్పుతాడు. ఎంత దగ్గరున్నాడంటే పొగాకు కంపు తగులుతోంది.

"దాంతోనా బావా? అది ఖాళీ." ఎడమ చేత్తో జేబు తట్టుకుంటాడు. తూటాలు గలగలమంటాయి. "అన్నీ ఇక్కడే ఉన్నాయి."

ఒకే ఒక్క ట్వంటీటూ తూటా. తుస్సుమంటే రెండోది లేదు. వేలు ట్రిగ్గర్ మీదికి చేరింది. ఎదురుగా నోరా కళ్ళలాంటి కళ్ళు.

"తెలుసురా," అంటాడు ఆర్లిస్. "ఏడు నీ దగ్గరున్నాయి."

డెన్వర్ నవ్వు సగంలో ఆగింది.

ఏడా...?

టప్!!