పాపాయి కాలికి పడిన లైను

అద్దం అవతల నర్సు సూది గుచ్చడం, కాసేపటికి దాన్ని తీసేసి పాపాయి చేతి మీద దూది అదమడం హేమంత్ చూశాడు. నరం దొరకలేదన్నమాట. ఆమె బయటికి రాగానే ఎదురెళ్లాడు.

"నేర్చుకోడానికి మా పిల్లే దొరికిందాండీ?"

అది రెండువేల ఆరు శ్రావణం. అమలాపురంలో ఓ పిల్లల ఆసుపత్రి. హేమంత్ అక్క విజయకి ఏడో నెలలోనే ఆపరేషన్ చేసి పాపని తీశారు. బరువు కిలో నూరు గ్రాములు. బావగారు మస్కట్‌లో ఉన్నారు, అక్క ఇంకా మంచం దిగలేదు. అంబాజీపేటలో కొబ్బరి లోడ్లు చూసుకునే హేమంత్, వారం రోజులుగా ఆ వరండాలోనే ఉంటున్నాడు.

పుట్టిన రోజున డాక్టర్ బాలగంగాధరం గారు బొడ్డు నరంలోంచి సన్నటి గొట్టం పంపి ఆహారం, మందులు ఎక్కించారు. దాన్ని ఎక్కువ రోజులు ఉంచితే ఇన్ఫెక్షన్ భయం. అందుకే ఇప్పుడు చేతి నరంలోంచి గుండె దగ్గరి పెద్ద నరం దాకా 'లైను' అనే ఇంకో సన్నటి గొట్టం వెయ్యాలన్నారు. ఆ పని చెన్నైలో నేర్చుకొచ్చిన నర్సు ఈ ఉమామహేశ్వరి.

ఆమె గొంతు పెంచలేదు.

"మీ బాధ అర్థమైందండి. మామూలు సూదులైతే రోజూ గుచ్చుతూనే ఉండాలి. ఈ లైను పడితే, పాప పాలు తాగేదాకా ఆ బాధ చాలావరకు తప్పుతుంది. కాలికి ఒక్కసారి చూస్తాను. వద్దంటే ఆపేస్తానండి."

కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకుపోదామా అనుకున్నాడు. బయట వాన దంచేస్తోంది. దారిలో పాప ఒళ్లు చల్లబడితే? ఆమె కళ్లలోకి చూశాడు. అలసట ఉంది, బెదురు లేదు.

"కానివ్వండి," అన్నాడు.

ఆమె పాప చీలమండ నుంచి రొమ్ము కింది దాకా టేపుతో కొలిచింది. మళ్లీ చేతులు కడుక్కుని, కొత్త గ్లౌజులు తొడుక్కుంది. దారమంత గొట్టాన్ని సూదిలోంచి కొద్దికొద్దిగా జరుపుతూ, సగంలో ఆగిపోయింది. హేమంత్ అద్దానికి ముక్కు ఆనించాడు. ఆమె పాప మోకాలు మెల్లగా సర్ది, మళ్లీ జరిపింది. ఈసారి వెళ్లింది. ఎక్స్‌రేలో కొస కాస్త ఎక్కువ లోపలికి పోయినట్టు కనిపిస్తే, డాక్టరుగారు చెప్పినంత వెనక్కి లాగి అంటించింది.

మర్నాడు పొద్దున్నే ఆమె డ్యూటీకి వచ్చేసరికి హేమంత్ గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు.

"నిన్న తప్పుగా మాట్లాడేనండి. క్షమించండి."

ఆరేళ్ల ఉద్యోగంలో తనని తిట్టినవాళ్లున్నారు, దండం పెట్టినవాళ్లున్నారు గాని, తిట్టి మళ్లీ వచ్చి క్షమించమన్నవాళ్లు లేరని ఉమ తర్వాతెప్పుడో అతనితో చెప్పింది.

ఆ రోజు నుంచి అతను రోజూ లైను ఎలా ఉందని అడిగేవాడు. పాప ఎలా ఉందని అడగరా, నేను వేసిన లైను మీదే మీ అనుమానమా అని ఆమె ఆటపట్టించేది. ఆమెది అప్పనపల్లి అనీ, తండ్రి లేరనీ, తల్లి అచ్చయమ్మగారికి ఆమే ఆధారమనీ ఆ కబుర్లలోనే తెలిసింది. ఆమెకి సెలవైన రోజున వరండా మరీ పొడుగ్గా కనిపించేది హేమంత్‌కి.

లైను వేసిన పంతొమ్మిదో రోజున దాన్ని తీసేశారు. పాప అప్పటికి పాలు గుటకేస్తోంది. విజయ బిడ్డని గుండెలకి హత్తుకుని, ఉమ చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

పాప బరువు పెరిగి, ఇంటికి పంపేసే రోజు వచ్చింది. అక్కని, పాపని కారెక్కించి, హేమంత్ మళ్లీ లోపలికొచ్చాడు.

"మీకు థాంక్స్ ఎలా చెప్పాలో తెలీక ఇన్నాళ్లూ మీ చుట్టూ తిరిగేననుకున్నానండి. అందుకు కాదని, ఇవాళ వెళ్లిపోతుంటే తెలిసింది. మీకిష్టమైతే మా అమ్మని మీ ఇంటికి తీసుకొస్తాను."

ఉమ తల వంచుకుని, చేతిలోని కాగితాలు సర్దుకుంది.

"అమ్మ నా దగ్గరే ఉంటుందండి. పెళ్లయినా ఉంటుంది. ఉద్యోగం కూడా మానను."

"మానొద్దండి. మీరు మానేస్తే మాలాంటివాళ్ల పిల్లలకి ఎవరున్నారు? అమ్మగారికి మా ఇల్లు చాలకపోతే గది వేయిస్తాను."

ఆమె అప్పుడు తలెత్తింది. కళ్లలో నీళ్లున్నాయి, పెదవుల మీద నవ్వూ ఉంది.

"ఆయ్... ఆదివారం అమ్మ ఇంట్లోనే ఉంటుందండి."