తాడు పట్టిన చెయ్యి

సుద్దముక్క చేతిలోంచి జారి, తాత వదిలిపోయిన పలక మీద పడి పొడిపొడి అయింది. ఆ పొడిని అరచేత్తో తుడిచిన శేషగిరికి గుండె ఆగినంత పనయింది. ఖాళీ పలక అనుకున్నది ఖాళీ కాదు! సూదిమొనతో గీసిన సన్నటి గీతల్లోకి పొడి దిగి, నల్లరాతి మీద ఒక వాగు, మూడు బండలు, ఎద్దు మూపురంలా వంగిన ఒక కొండ, ఆ కొండ నడుమన చిన్న సున్నా తెల్లగా తేలాయి. సున్నా పక్కన తాత చేతిరాత.

"శేషగిరీ, నా సొత్తు ఇక్కడుంది. నువ్వే దిగు."

మార్కాపురం పలకల కార్ఖానాలో నలభై ఏళ్ళు రాయి చెక్కిన తిరుపాలు తాత పోయి పదకొండు నెలలైంది. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే శేషగిరిని పెంచింది ఆయనే. తిరణాలకు తీసుకుపోతే మనవడి చెయ్యి ఎంత గట్టిగా పట్టుకునేవాడంటే, ఇంటికొచ్చేసరికి మణికట్టు కందిపోయేది. "వదులు తాతా, నొప్పి!" అని ఏడ్చినా వదిలేవాడు కాదు. అంత మంచి తాత రెండు విషయాల్లో మాత్రం మొండివాడు. ఇంట్లోకి తేనె రానిచ్చేవాడు కాదు. తన తండ్రి పేరు ఎవరికీ చెప్పేవాడు కాదు.

పెద్దకర్మ నాడు పురోహితుడు "ఈయన తండ్రి పేరు? తాత పేరు?" అని అడిగితే ఇంటిల్లిపాదీ మొహమొహాలు చూసుకున్నారు. తాత ఏ ఊరినుంచి వచ్చాడో, పైవాళ్ళెవరో ఒక్కరికీ తెలియదు. "సంవత్సరీకానికైనా పేర్లు కనుక్కోండి నాయనా. పేర్లు లేకపోతే ఆయన్ని ఏ పితరులతో కలపను?" అన్నాడాయన. సంవత్సరీకానికి ఇంకా మూడు వారాలే ఉన్నాయి. తనను పెంచిన మనిషి దిక్కులేనివాడిలా మిగిలిపోతాడేమోనన్న దిగులు శేషగిరికి నిద్ర పట్టనివ్వడం లేదు.

పలక సంగతి చనిపోయిన పెదనాన్న కొడుకు ఓబులేసుకు చెప్పక తప్పలేదు. అతడూ తాత మనవడే కదా! ఓబులేసు పలకను రెండుసార్లు తిప్పి చూసి తొడ చరిచాడు.

"సొత్తు అని రాసినాడంటే బంగారమేరా శేషా! ముసలాయన ఏ కోటలోదో తవ్వి దాచిపెట్టుంటాడు. అందుకే ఎవురి పేరూ చెప్పలా!"

"నాకు పేర్లు దొరికితే చాలన్నా," అన్నాడు శేషగిరి.

"పేర్లు నువ్వు తీస్కో, మిగతాది నేను చూసుకుంటాలే!"

నల్లమలలో ఎద్దుమూపురం కొండ ఎక్కడుందో తెలిసిన మనిషి చెంచుగూడెంలో ఒక్కడే దొరికాడు. కుడుముల గురవయ్య. అరవై దాటినా ఎముకల మీద కండ ఇంకా బిగిసే ఉంది. పలకమీది బొమ్మ చూడగానే ఆయన మొహం మాడిపోయింది. "ఆడికి మేం పోం సామీ," అన్నాడు పలక తిరిగిచ్చేస్తూ. శేషగిరి రెండు చేతులూ పట్టుకుని సంవత్సరీకం గోడు చెప్పుకున్నాక, "దారి సూపిత్తా. అంతే. ఇంకేం జెయ్యను," అని లేచాడు.

తెల్లవారుతూనే బయల్దేరారు. వెదురు పొదలు చీల్చుకుంటూ, మోకాలిలోతు వాగు దాటుకుంటూ, జారుడు బండలు పాక్కుంటూ మూడు గంటలు నడిచారు. వాగు దగ్గర గురవయ్య ఆగి ఓబులేసు చొక్కా వాసన చూశాడు.

"సెంటు పూసుకొచ్చినావా సామీ? ఇప్పి కడుగు. కొండకాడ పెద్ద తేనీగలుండాయి. వాటికి ఈ వాసన గిట్టదు."

"కొత్త చొక్కా తడుపుకోవాలా? పెళ్ళికొచ్చినా, అడవికొచ్చినా నేను ఇట్నే వస్తా!" అని ఓబులేసు నవ్వి ముందుకు నడిచాడు.

కొండ అంచుకు చేరి కిందికి చూసిన శేషగిరికి కళ్ళు తిరిగాయి. నిట్టనిలువు రాతిగోడ. రెండు తాటిచెట్ల లోతున నల్లటి గుహ నోరు. దాని పక్కన బండకు వేలాడుతున్న తేనెపట్లు ఒక్కొక్కటీ తలుపు రెక్కంత ఉన్నాయి. ఆ కింద లోయ అడుగు కనిపించడమే లేదు.

ఓబులేసు నైలాన్ తాడు విప్పాడు. చెట్టుకు కడితే గుహదాకా అందేలా లేదు. "నేను పట్టుకుంటాలేరా," అని బండకు కాలు తన్నిపెట్టి నడుముకు ఒక చుట్టు చుట్టుకున్నాడు.

గురవయ్య కళ్ళు పెద్దవయ్యాయి.

"ఈయన నీకేమవుతాడు?"

"మా అన్న."

"వద్దు సామీ! మా కాడ తేనెకు దిగేటోడి తాడు బావమరిదే పడతాడు. తోబుట్టువు ముండమోసుద్దని వాడు పానం పోయినా ఒదలడు. అన్నదమ్ములు పట్టగూడదు."

"అయితే నువ్వు కూడా ఓ చెయ్యి వెయ్యి గురవయ్యా," అన్నాడు శేషగిరి.

"నేనసలే పట్టను. నీకు నేనేం గాను. ఏంగానోడు తాడు పడితే ఏమవుద్దో ఈ కొండ మీదనే సూసినాం." ఆయన పక్కకు పోయి, అటు తిరిగి కూర్చున్నాడు.

ఓబులేసు పకపకా నవ్వాడు. శేషగిరికి నవ్వు రాలేదు. కానీ ఇంతదూరం వచ్చి వెనక్కి పోవడమా? నడుముకు తాడు బిగించుకుని, అంచు దాటి కాళ్ళు వేలాడేశాడు. రాయి చర్మాన్ని గీరేస్తోంది. చెమట కళ్ళలోకి కారుతోంది. పక్కనే వేల రెక్కల రొద. ఊపిరి బిగబట్టి అంగుళం అంగుళం దిగి, ఊగి, గుహ నోట్లోకి దూకాడు.

లోపల నడుము వంచుకునేంత ఎత్తే ఉంది. గబ్బిలాల కంపు. నాలుగడుగుల దూరంలో మైనంతో మూత బిగించిన ఒక మట్టికుండ. గోళ్ళతో మైనం గీకి మూత పెకలించాడు.

బంగారం లేదు. తుప్పు పట్టిన తేనెకత్తి ఒకటి, ఎర్రపూసల దండ ఒకటి, వాటి కింద ఒక పలక. చేత్తో చెక్కిన లోతైన అక్షరాలు. గుహ నోటి వెలుగులో శేషగిరి చదవడం మొదలుపెట్టాడు.

"శేషగిరీ, ఇది నోటితో చెప్పే ధైర్యం నాకు చాలలేదు. ఎలాగో చెట్టుకు పొడుగు తాడు కట్టి దిగి ఇక్కడ దాచాను. నలభై ఆరేళ్ళ కింద పలకల చట్రాలకు కర్ర కోసం అడవికొచ్చాను. మండ్ల ఈదన్న నాకు స్నేహితుడు. ఈ గుహ పక్క పట్టు కొయ్యడానికి దిగాల్సిన రోజున అతని బావమరిది జ్వరంతో పడిపోయాడు. నేను పట్టుకుంటానన్నాను. ఈగలు నా మీద పడ్డాయి. కావాలని వదల్లేదు. కానీ వదిలాను."

శేషగిరి ఆ చివరి మాటను వేలితో తడిమి చూశాడు. తాతా? చెయ్యి పట్టుకుంటే కందిపోయేదాకా వదలని తాతా?

"ఈదన్న పెళ్ళాం బయమ్మ ఆర్నెల్ల బిడ్డతో కొండ దిగి నా ఇంటికొచ్చింది. తిట్టలేదు. బిడ్డను నా చేతుల్లో పెట్టి, వీణ్ణయినా వదలకు అంది. మూడో రోజుకు జ్వరంతో పోయింది. ఈ పూసలు ఆమెవి, ఈ కత్తి ఈదన్నది. ఆ బిడ్డ మీ నాన్న. నువ్వు ఈదన్న మనవడివి. నేను నీ తాతను కాను."

అక్షరాలు అలుక్కుపోయాయి. ముంజేత్తో కళ్ళు తుడుచుకుని చివరి వరుసలు చదివాడు.

"నిజం తెలియకుండా నాకెవరూ పిండం పెట్టకూడదనే పేర్లు దాచాను. ముందు ఈదన్నకు పెట్టు. ఆ తర్వాత కూడా నాకు పెట్టాలనిపిస్తే, మా నాన్న నాగన్న, మా తాత వెంగయ్య. పెట్టబుద్ధి కాకపోతే మానెయ్. నీ తప్పేం లేదు."

"ఏంరా! దొరికిందా? ఎంతుంది?" పైనుంచి ఓబులేసు కేక.

శేషగిరి వెతుక్కుంటూ వచ్చిన పేర్లు దొరికాయి. కానీ ఆ పేర్లు తనవి కావు! పెంచిన చెయ్యి, చంపిన చెయ్యి ఒక్కటే. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో, ఎవరి కోసం ఏడవాలో తెలియలేదు. పూసల దండ మెడలో వేసుకున్నాడు. పలక బొడ్లో దోపుకున్నాడు. కత్తిని మాత్రం అక్కడే ఉంచి, దానికి దణ్ణం పెట్టాడు. గుహ నోటి దగ్గరికొచ్చి గొంతెత్తి అరిచాడు.

"గురవయ్యా! మండ్ల ఈదన్న ఎవరు?"

పైన ఎవరో అంచుకు పరుగెత్తి వచ్చిన చప్పుడు. తర్వాత ముసలి గొంతు వినిపించింది.

"మా బయమ్మక్క మొగుడు. ఆ పేరు నీకెట్టా తెలుసు?"

"నేను ఆయన మనవణ్ణి! బయమ్మ బిడ్డ కొడుకుని!"

ఓబులేసు కంగారుపడి తాడు లాగాడు. శేషగిరి గుహలోంచి గాలిలోకి ఊగాడు. సగం దూరం వచ్చాడో లేదో, పట్టు మీద ఈగలు ఒక్కసారి కదిలాయి. నల్లటి ముసురు శేషగిరిని దాటి నేరుగా పైకి లేచింది. సెంటు చొక్కా మీదికి!

"అమ్మో! సచ్చాన్రో!"

తాడు వదులైంది.

శేషగిరి పడ్డాడు. రాతిగోడ మెరుపులా పైకి పరుగెత్తింది. బొడ్లోని పలక జారి బండకు తగిలి ముక్కలై లోయలోకి రాలింది. "తాతా!" అని అరిచాడు. ఏ తాతను పిలిచాడో తనకే తెలియదు.

నడుము తెగిపోయేంత కుదుపు. తాడు ఆగింది!

గాలిలో గిరగిరా తిరుగుతూ పైకి చూశాడు. అంచున ఓబులేసు లేడు. గురవయ్య ఉన్నాడు. బండ చీలికలో రెండు కాళ్ళూ తన్నిపెట్టి, తాడును ముంజేతికి చుట్టుకుని వెల్లకిలా వాలిపోయాడు. మొహం నిండా ఈగలు. కనురెప్పల మీద, పెదాల మీద. చేతుల్లోంచి రక్తం తాడు మీదుగా కారుతోంది.

"రాయి పట్టుకో మనవడా! కాలు పెట్టు! ఎడం పక్క సీలిక సూడు!"

"వదిలెయ్ తాతా! నువ్వు చచ్చిపోతావు!"

"నోర్ముయ్! ఆ పొద్దు జొరమొచ్చి పండుకున్నా. ఈ పొద్దు ఒదల్తానా? ఎక్కు!"

శేషగిరి ఎక్కాడు. గోళ్ళు ఊడుతున్నా, మోకాళ్ళు చిట్లుతున్నా ఎక్కాడు. అంచు మీద పడగానే ముసలాయన్ని భుజాన వేసుకుని, ముళ్ళనీ రాళ్ళనీ చూడకుండా వాగుదాకా పరుగెత్తి ఇద్దరూ నీళ్ళలో మునిగారు.

ఈగలు మళ్ళాక గురవయ్య ఒడ్డున కూలబడ్డాడు. అరచేతుల్లో చర్మం లేదు. వాచిపోయిన కళ్ళు తెరుచుకోక, వేళ్ళతోనే శేషగిరి మెడలోని పూసలు తడిమాడు. ఒక్కొక్క పూసా తడిమి, చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు.

"అక్క బిడ్డనెత్తుకుని కొండ దిగింది. మళ్ళా జాడ లేదు. ఇద్దరూ సచ్చినారనుకున్నాం. ఏటేటా అక్కోళ్ళ గుడిసె కాడ ఎవురో కొత్త గుడ్డలూ, జొన్నలూ పెట్టిపోయేటోడు. పోయినేడు రాలా."

"పోయినేడు ఆయన చనిపోయాడు తాతా," అన్నాడు శేషగిరి.

కిందినుంచి ఓబులేసు తడబడుతూ వచ్చాడు. మొహం గుర్తుపట్టలేనంత వాచింది. శేషగిరి కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాడు.

"కావాలని ఒదల్లేదురా శేషా! ఒట్టు! కావాలని ఒదల్లేదు!"

అవే మాటలు! పలక లోయలో ముక్కలైనా ఆ మాటలు చెవిలో మోగుతూనే ఉన్నాయి. తిరుపాలు తాత కూడా ఆనాడు ఇదే వాగు ఒడ్డున ఇలాగే కూలబడి ఉంటాడు. ఆయన్ని లేవదీసినవాళ్ళు మాత్రం లేరు. శేషగిరి వంగి ఓబులేసు చెయ్యి పట్టి లేపాడు.

సంవత్సరీకం నాడు మార్కాపురంలో ఇంటి వాకిట్లో, చేతులకు గుడ్డలు చుట్టుకుని గురవయ్య కూర్చున్నాడు. పక్కన తలవంచుకుని ఓబులేసు. పురోహితుడు దర్భ సర్దుతూ "పేర్లు దొరికాయా నాయనా?" అని అడిగాడు.

"దొరికాయండి. ముందు మండ్ల ఈదన్న. ఆయన పక్కన బయమ్మ."

"ఈ ఈదన్న నీకేమవుతాడు?"

"తాత."

ఆ పిండాలు పెట్టాక పురోహితుడు తలెత్తాడు. "మరి తిరుపాలు?"

శేషగిరి చెయ్యి గాలిలో ఆగిపోయింది. అతడు గురవయ్య వైపు చూశాడు. ముసలాయన గుడ్డలు చుట్టిన తన చేతులు చూసుకుని, నెమ్మదిగా తలూపాడు.

"మా అక్క ఒదలొద్దన్న బిడ్డను ఒదల్లేదు గదా. పెట్టు."

శేషగిరి తన మణికట్టు తడుముకున్నాడు. చిన్నప్పుడు తిరణాలలో కందిపోయిన చోటు.

"తిరుపాలు, నాగన్న కొడుకు, వెంగయ్య మనవడు," అన్నాడు. పిండం ఆకు మీద పెట్టాడు. "ఈయన కూడా మా తాతేనండి."