కాలువ తవ్విన కూలి

రొట్టెలమ్మే ఆవిడ ఎదురింటి బుబుష్‌తో అందట, బుబుష్ గోడ మీంచి తల పెట్టి తిలెక్ వాళ్ళమ్మతో అంది, వాళ్ళమ్మ టీలో పాలు పోస్తూ కొడుకు చెవిన వేసింది. "కులిపా ముసలమ్మ మనవరాలు రోజూ మీ ఆఫీసుకు వస్తోందటగా. ఊరి లెక్కలు చూడ్డానికట. లెక్కలు చూడ్డానికి కళ్ళకు కాటుకెందుకని అడుగుతోంది బుబుష్."

"నాకేం తెలుసు. నేను కాటుక చూడలేదు," అన్నాడు తిలెక్.

"ఏ కంటికి ఎక్కువ పెట్టింది?"

"ఎడమ కంటికి," అనేసి తిలెక్ టీ గిన్నెలో మొహం దాచుకున్నాడు.

తిలెక్ కోక్‌బులాక్ ఊరి ఆఫీసులో జమాఖర్చులు రాసే కుర్రాడు. ఆ పిల్ల మొదటిసారి వచ్చిన రోజు వాన దంచి కొడుతోంది. తలుపు తోసుకుని వచ్చి, గొడుగు తీసుకెళ్ళి సరిగ్గా అతని ఫైళ్ళ మీదే విదిలించింది.

"ఏం కావాలి?"

"లెక్క."

"ఎవరి లెక్క?"

"నాదే. టీ పొడి కొంటాను, పెట్రోలు కొంటాను, ఫోన్లో మాట్లాడతాను. అన్నిటి మీదా పన్ను కడతాను. మీరు కూర్చున్న కుర్చీలో ఒక కాలు నాది."

తిలెక్ తెలియకుండానే కిందికి చూశాడు. "ఏ కాలు?"

"ఊగుతున్న కాలు."

ఆమె పేరు బెగాయిమ్. రాజధాని బిష్కెక్‌లో చదువుకుని, అక్కడే పన్ను కట్టేవాళ్ళ సంఘంలో పనిచేసి, దానికి సొంతూళ్ళో ఒక కొమ్మ నాటదామని వచ్చింది. ఇప్పటికి ఆ కొమ్మకు రెండే ఆకులు. ఒకటి తను, రెండోది వాళ్ళ నాయనమ్మ కులిపా.

అడిగిన కాగితాలన్నీ ఒక్క పూటలో ఇచ్చేయొచ్చు. కానీ తిలెక్ రోజుకొకటి ఇచ్చాడు.

"ఇలా చుక్కచుక్కగా పోస్తున్నావేంటి? ప్రింటర్ పాడైందా?" అంది బెగాయిమ్ ఒక రోజు. అప్పటికే 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

"ఇంకు లేదు."

"నిన్న ఇచ్చిన కాగితంలో ఇంకు కొన్నట్టుందే."

"అది... రంగుల ఇంకు."

"అయితే రంగుల్లోనే ఇవ్వు. నేనేమన్నా వద్దన్నానా?"

ఆమె నవ్వితే తిలెక్‌కి కిటికీలోంచి కనిపించే మంచుకొండ రెండడుగులు ముందుకు జరిగినట్టుండేది. ఆ మైకంలోనే, చూసుకోకుండా, కాలువ ఖర్చు కాగితం తీసి ఆమె చేతిలో పెట్టేశాడు.

పోయిన వసంతంలో ఊరికి కాలువ తవ్వారు. తవ్వింది ఊరే. కూలి మాట ఎత్తకుండా ఇంటికొకరు పార పట్టే అషార్ పని అది. సాయంత్రం పెద్ద బానల్లో గుర్రపు మాంసం ఉడికింది, వయసును బట్టి మాంసపు ఎముకలు పంచారు, మిగిలింది ఎవరి సంచిలో వాళ్ళు కట్టుకుని ఇళ్ళకు తీసుకుపోయారు. ఆనవాయితీ. ఆ మర్నాడు ఊరి పెద్ద సాపర్‌బెక్ తిలెక్‌ను పిలిచి, "సర్కారు బడ్జెట్‌లో గుర్రానికి పద్దు లేదురా. పొరుగూరి వాళ్ళకిచ్చిన కూలి అని రాసెయ్. తిన్నది తవ్వినవాళ్ళేగా," అన్నాడు. తిలెక్‌కి అది న్యాయంగానే తోచింది. తనూ రెండు గిన్నెలు తిన్నాడు మరి.

బెగాయిమ్ కాగితం చదివింది. మళ్ళీ చదివింది. నవ్వు ఆగిపోయింది.

"కాలువ తవ్వినందుకు పొరుగూరి వాళ్ళకు కూలి ఇచ్చారా? సెలవులకొచ్చి నేనూ తవ్వాను. అరచేతులు బొబ్బలెక్కాయి. పొరుగూరివాడు ఒక్కడు కనపడలేదే."

తిలెక్ కాగితం వెనక్కి లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు.

"శనివారం సభలో అడుగుతాను. అప్పుడు చెప్పండి, మీరు," అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ 'మీరు' తిలెక్‌ని అన్నం తిననివ్వలేదు. వాళ్ళమ్మ మూడుసార్లు నుదురు తాకి చూసి, జ్వరం లేదని తేల్చి, "అయితే కాటుకే," అంది.

సంగతి సాపర్‌బెక్ చెవిన పడనే పడింది. తిలెక్ భుజం మీద చెయ్యేసి, "పైన బండరాళ్ళ దగ్గర పొరుగూరి వాళ్ళొచ్చి తవ్వారని చెప్పు. అంత ఎత్తు ఎవడెక్కి చూశాడు? నోరు జారావో, నీ కుర్చీలో ఇంకొకడుంటాడు," అన్నాడు ప్రేమగానే.

అబద్ధం చెబితే ఉద్యోగం ఉంటుంది, బెగాయిమ్ ఉండదు. నిజం చెబితే ఉద్యోగం పోతుంది, ఆ తప్పుడు రాత రాసిందే తను కాబట్టి బెగాయిమూ ఉంటుందన్న నమ్మకం లేదు. బేరం ఎటు చూసినా నష్టమే. తిలెక్ ఎంత లెక్కల మనిషైనా ఈ లెక్క మాత్రం తెగలేదు.

శనివారం ఊరి క్లబ్బు హాలు నిండిపోయింది. ఏడాది ఖర్చు చదివే సభకు ఎప్పుడూ కునుకు తీయడానికి వచ్చేవాళ్ళు కూడా ఈసారి కళ్ళు కడుక్కుని మరీ వచ్చారు. ముందు వరసలో తెల్ల టోపీల ముసలివాళ్ళు, వెనక బుబుష్ పరివారం పొద్దుతిరుగుడు గింజలతో సహా.

బెగాయిమ్ లేచి కాలువ పద్దు చదివి, "ఈ కూలి ఎవరికిచ్చారో చెప్పండి," అంది.

సాపర్‌బెక్ కూర్చున్న చోటు నుంచే తిలెక్ వైపు వేలు చూపించాడు. "రాసింది అతను. చెబుతాడు."

తిలెక్ లేచాడు.

"పొరుగూరి నుంచి ఎవరూ రాలేదు. ఆ డబ్బుతో గుర్రాన్ని కొని కోశాం. మీరు తిన్నారు. నేనూ తిన్నాను. గుర్రానికి పద్దు లేదని కూలి అని రాశాను. అలా రాయకూడదు. రాసింది నేనే."

ఎవరో, "అంటే దొంగసొత్తు మన పొట్టల్లోనే ఉందన్నమాట," అన్నారు. క్లబ్బంతా నవ్వు.

సాపర్‌బెక్ ప్రాణం కుదుటపడింది. "విన్నారుగా. ఊరి డబ్బు ఊరే తింది. నిఖార్సైన లేత గుర్రం. ధరకు తగ్గ సరుకు," అన్నాడు.

"లేతదా?" అంది ముందు వరసలోంచి కులిపా అవ్వ. "ఒరే సాపర్‌బెక్, నాకు మిగిలిన పళ్ళలో ఒకటి ఆ పూటే రాలింది."

"నిజమే. చెప్పు తోలు నమిలినట్టుంది," అన్నాడొక తెల్లగడ్డం.

"పండుగ పూట అనకూడదని ఊరుకున్నాం," అన్నాడు ఇంకొకాయన.

"అవునూ, నీ బండి లాగే ఎర్ర గుర్రం, నా మోకాళ్ళంత ముసలిది, కాలువ తవ్విన నాటి నుంచి కనపడదేం?" అని అడిగింది కులిపా అవ్వ.

సాపర్‌బెక్ టోపీ తీసి లోపల ఏదో వెతుకుతున్నట్టు చూసుకున్నాడు. ఆ తర్వాత లేచిన గోలకు క్లబ్బు రేకులు మోగాయి. చివరకు కోసింది తన ముసలి గుర్రాన్నేనని, లేత గుర్రం ధరకూ ముసలి గుర్రం ధరకూ ఉన్న తేడాను ఊరి ఖాతాలో కడతానని అందరి ముందూ ఒప్పుకున్నాడు. వేదిక దిగుతూ తిలెక్ చెవిలో, "సోమవారం నుంచి రానక్కర్లేదు," అన్నాడు.

బయట వాన. జనమంతా వసారాలో ఇరుక్కుని నిలబడ్డారు. గొడుగు ఉన్నది బెగాయిమ్‌కి ఒక్కదానికే. అది తెరవకుండా తిలెక్ పక్కకు వచ్చింది.

"అంత మందిలో నీ తప్పు నువ్వే ఎందుకు చెప్పుకున్నావు? ఎక్కడో పైన, నేను చూడని చోట పొరుగూరి వాళ్ళు తవ్వారని నువ్వంటే కాదనడానికి నా దగ్గర రుజువు లేదు. తెలుసా?"

"తెలుసు."

"మరి?"

"నువ్వు 'మీరు' అన్నావు. తట్టుకోలేకపోయాను."

బెగాయిమ్ వాన వంక చూసింది. చెవులు ఎర్రబడ్డాయి. "అయినా ఆ రాత తప్పే. దాన్ని నేను మాఫీ చెయ్యను."

"చెయ్యొద్దు."

"సంఘానికి లెక్కలొచ్చినవాడు ఒకడు కావాలి. జీతం ఉండదు."

"కుర్చీ ఉంటుందా?"

"ఉంటుంది. కాలు ఊగదు."

తిలెక్ నవ్వాడు. అప్పుడు గానీ ఉద్యోగం పోయిన సంగతి గుర్తు రాలేదు, వచ్చినా బాధ కలగలేదు. వాళ్ళిద్దరి భుజాలకూ మధ్య ఒక వేలు దూరం ఉంది. వెనక నుంచి జనం తోస్తున్నారు. ఆ వేలు దూరమూ పోయింది. ఎవరూ సర్దుకోలేదు.

ఇది చూసి బుబుష్ తిలెక్ వాళ్ళమ్మను మోచేత్తో పొడిచింది. ఆవిడ కొడుకును చూసి, గొడుగు చూసి, కులిపా అవ్వను చూసి, నిట్టూర్చి అందరికీ వినపడేలా అంది. "అంతా బాగానే ఉంది. ఉద్యోగం ఊడినవాడికి పిల్లనెవరిస్తారమ్మా?"

"ఎవరో ఇచ్చేదేంటి అత్తా? నాకు కాళ్ళున్నాయి, నేనే వస్తాను," అంది బెగాయిమ్.