గమ్ము డాక్టరు మర్చిపోయిన సీసా

"మీరు అమ్మేది గమ్మా, నీళ్లా?"

అడిగినవాడు ఇస్త్రీ చొక్కా వేసుకున్న యువకుడు. ముఖం కందగడ్డలా ఉంది. కౌంటరు మీద ఠపీమని అతను పెట్టింది మొక్కలకు నీళ్లు పోసే ఆకుపచ్చ ప్లాస్టిక్ డబ్బా. దాని కొమ్ము విరిగి వేరే పడి ఉంది. ఎదురుగా నిలబడ్డ అమ్మాయి అతని ముఖం వైపు చూడనేలేదు. విరిగిన అంచు చూసింది.

అది ఆమె పద్ధతి. ఆ హార్డ్‌వేర్ షాపు ఆమె పెదనాన్నది. మేకులు, తాళాలు, పైపులు ఆయన చూసుకుంటాడు. ఎడమవైపు మూల కౌంటరు మాత్రం ఆమెది. మూడేళ్ల కిందట కెమిస్ట్రీ డిగ్రీ చేతికి రాగానే, చీపుళ్లు పడేసే ఆ మూలను ఖాళీ చేయించి, దగ్గరుండి అరలు కొట్టించుకుని, దొరికిన రకం జిగురల్లా తెచ్చి పేర్చింది. విరిగిన ముక్క కళ్లతో చూడందే ఎవరికీ సీసా ఇవ్వదు. చూశాక అది ఏ ప్లాస్టికో, ఏ గమ్ము వాడాలో, ఎంతసేపు ఆగాలో చీటీ రాసి చేతిలో పెడుతుంది. వీధిలోవాళ్లు గమ్ము డాక్టరని పేరు పెట్టేశారు. ఆ పేరు వింటే విసుక్కున్నట్టు నటిస్తుంది గానీ, లోపల మహా సంతోషం.

"ఈ గమ్ము మీకెవరిచ్చారు?" అంది.

"ఇక్కడే. నిన్న మధ్యాహ్నం."

ఆమె వెనక్కి తిరిగి చూసింది. పెదనాన్న హఠాత్తుగా తాళాలు తుడవడం మొదలుపెట్టాడు.

"పెదనాన్నా, నేను భోజనానికి వెళ్లినప్పుడు నా అరలు ముట్టుకోవద్దని చెప్పానా, లేదా?"

"ప్లాస్టిక్‌కి గమ్ము కావాలన్నాడమ్మా. ప్లాస్టిక్‌కి అని రాసున్నది ఇచ్చాను. అందులో నా తప్పేముంది?"

ఆమె అంచును గోటితో గీకింది. "గమ్ము కింద ఈ తెల్లటిదేంటి?"

యువకుడి గొంతు ఒక మెట్టు దిగింది. "అది... డెంటల్ రెజిన్. నేను డెంటిస్టుని. పై వీధిలో క్లినిక్."

"దీనికేం చేశారు?"

"ఏముంది, పంటికి చేసేదే. యాసిడ్ పూశాను, కడిగాను, ఆరబెట్టాను, బాండ్ వేశాను, రెజిన్ పెట్టి బ్లూ లైట్ కొట్టాను. మూడుసార్లు."

"మూడుసార్లూ ఊడిందా?"

"రెండుసార్లు. మూడోసారి అసలు అతుక్కోలేదు."

ఆమె పెదవి కొరుక్కుంది. లాభం లేకపోయింది. నవ్వు తన్నుకొచ్చింది. ఒకసారి మొదలయ్యాక ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు. డాక్టరుగారు బాగా ఉడుక్కున్నాడు.

"రోజూ అతికించే పనేనండీ నాది. అతికించడం నాకు నేర్పక్కర్లేదు."

"అలాగా?" అంటూ ఆమె బ్లేడుతో డబ్బా అంచు నుంచి సన్నటి పొట్టు తీసి గ్లాసు నీళ్లలో వేసింది. అది మునగలేదు, హాయిగా తేలింది. తర్వాత డబ్బా మీద ఒక నీటి చుక్క వేసింది. చుక్క పరుచుకోకుండా గుండ్రంగా పూసలా నిలబడింది.

"చూశారా? నీళ్లనే దగ్గరికి రానివ్వడం లేదు. మీ రెజిన్‌ని రానిస్తుందా?" డబ్బా తిప్పి అడుగున త్రికోణంలో ఉన్న అంకె చూపించింది. "రెండు. రెండు, నాలుగు, అయిదు నంబర్ల ప్లాస్టిక్‌లు మొండిఘటాలు. ఇంట్లో బకెట్లు, బుట్టలు, మూతలు, సీసాలు చాలా మటుకు ఇవే. మామూలు గమ్ములు వీటి మీద ఎండి, పెచ్చులా లేచొస్తాయి."

"మరి యాసిడ్ పూశానుగా?"

"పన్ను మంచిదండీ. యాసిడ్ పూస్తే గరుకై మాట వింటుంది. దీనికి మీ యాసిడ్ స్నానం చేయించినట్టే."

డాక్టరు కోపం ఎటు పోయిందో గానీ, బల్ల మీదకు వంగి ఆ నీటి పూసనే చూస్తున్నాడు. తెలియనిదాన్ని చూసి ఇంత శ్రద్ధగా వంగే మనిషిని ఆమె ఆ కౌంటరు దగ్గర అంతకుముందు చూడలేదు. ఆ సంగతి ఆమె మనసు గమనించింది. ఆమె మాత్రం గమనించనట్టే చీటీ రాసింది.

"రెండు గొట్టాల గమ్ము ఇది. ఇలాంటి వాటికోసమే చేసింది. ముందు పాతదంతా గీకి పారేసి, గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడవండి. రెండు గొట్టాలూ సమంగా కలిపి పూసి, కట్టేసి, ఒక రోజంతా వదిలెయ్యండి. అతుక్కుందా లేదా అని మధ్యలో లాగి చూడకూడదు."

"ఒక రోజా? మా నాన్నమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదండీ. డబ్బా ఆవిడది, తన్నింది నేను. ఊరందరి పళ్లూ అతికిస్తావు, నా డబ్బా అతికించలేవా అని వారం రోజులుగా ఒకటే సణుగుడు."

"అయితే క్లినిక్‌లో పడుకోండి. ఆ కుర్చీ ఎలాగూ వెనక్కి వాలుతుందిగా."

మూడో రోజు సాయంత్రం అతను మళ్లీ వచ్చాడు. ఈసారి ముఖం వెలిగిపోతోంది.

"చుక్క కారలేదండీ. ఎవరు చేశారని నాన్నమ్మ అడిగితే నేనే అన్నాను."

"నమ్మారా?"

"లేదు. ఎవరా అమ్మాయి అని అడిగింది."

ఆమె గబుక్కున అరల వైపు తిరిగి, సర్దిన సీసాలనే మళ్లీ సర్దింది.

ఆ తర్వాత నెల రోజుల పాటు డాక్టరుగారింట్లో ప్లాస్టిక్ సామానుకు గడ్డురోజులు వచ్చాయి. ఒకరోజు ట్రే మూల, ఒకరోజు డ్రాయరు పిడి, ఒకరోజు కళ్లజోడు కాడ. వచ్చిన ప్రతిసారీ అతను ముందే నీళ్లలో వేసి చూసి, నంబరు చెప్పి మరీ మొదలుపెట్టేవాడు. తప్పు చెబితే ఆమె దిద్దేది. ఒప్పు చెబితే పరీక్ష ప్యాసైన బడిపిల్లాడిలా చుట్టూ చూసేవాడు. ఆమె కూడా ఊరుకోలేదు. పంటి మీద రెజిన్ ఎందుకు నిలబడుతుందో, ఎనామిల్ లోపల ఏం జరుగుతుందో అడిగి అడిగి చెప్పించుకునేది. ఇద్దరూ మాట్లాడుకుంటుంటే పక్కనున్న కొనుగోలుదారులు సీసాలు పట్టుకుని నిలబడేవారు.

"ఆ డాక్టరు ఇంట్లో సామానంతా ఒక్క నెలలోనే ముసలిదైపోయిందేమిటే?" అన్నాడు పెదనాన్న.

"నాకేం తెలుసు?" అంది ఆమె. చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి.

ఒక సాయంత్రం అతను సబ్బుపెట్టె మూత తెచ్చాడు. ఆమె అంచు చూసింది. వేలితో తడిమింది. భూతద్దం పెట్టి చూసింది.

"ఇది విరగలేదు."

"అంటే?"

"విరిగితే అంచు తెల్లగా సాగుతుంది. ఇది నున్నగా ఉంది. ఎవరో కోశారు."

డాక్టరు కాసేపు నీళ్లు నమిలాడు. "పళ్ల డ్రిల్లుతో," అన్నాడు చివరికి. "మధ్యాహ్నం పేషెంట్లు లేనప్పుడు. విరగడానికి ఇంట్లో ఇంకేమీ మిగల్లేదండీ."

సరిగ్గా అప్పుడే వర్షం దబదబా మొదలైంది. రోడ్డు మీది జనం ఎక్కడివాళ్లక్కడ చూరుల కిందకు పరుగెత్తారు. షాపులో ఇద్దరే మిగిలారు. పెదనాన్న ఉన్నాడు గానీ, ఆయన పైపుల వెనక్కి వెళ్లి, అవసరం లేకపోయినా అక్కడే కూర్చున్నాడు.

"మీరంటే నాకు చాలా ఇష్టం," అన్నాడు డాక్టరు. "పెళ్లి చేసుకుందామా?"

ఆమెకు ఇష్టం లేదా అంటే, చెప్పలేనంత ఉంది. సాయంత్రం అయిదయ్యేసరికి కళ్లు వాటంతటవే రోడ్డు మీదకు పోతున్నాయి. సరే అనడానికి నోరు తెరిచింది కూడా. అంతలో అతను ఇంకో మాట అన్నాడు. ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

"పెళ్లయ్యాక మీకీ కౌంటరు దగ్గర నిలబడే బాధ కూడా ఉండదు."

తెరిచిన నోరు మూసుకుపోయింది. ఇంతకుముందు వచ్చిన రెండు సంబంధాల వాళ్లూ ఇదే మాట అన్నారు. వాళ్లకు కాఫీ ఇచ్చి పంపించేసింది, రాత్రి హాయిగా నిద్రపోయింది. ఈ మనిషి అంటాడని మాత్రం అనుకోలేదు. తను చేసే పని నెల రోజుల పాటు వంగి వంగి చూసినవాడు. అతనికి సరే అంటే ఈ మూల పోతుంది. ఈ మూల కావాలంటే అతను పోతాడు. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినందుకు ఒళ్లు మండింది.

"బాధని మీకెవరు చెప్పారు?" అంది. "వాన తగ్గింది. వెళ్లండి."

వాన ఏమాత్రం తగ్గలేదు. అతను తడుస్తూనే వెళ్లాడు.

అయిదు రోజులు డాక్టరు రాలేదు. పొమ్మన్నది తనే గనక, రాలేదేమని అడిగే హక్కు ఆమెకు లేదు. హక్కు లేకపోయినా కళ్లు రోడ్డు మీదకు పోవడం మానలేదు. పెదనాన్న రెండుసార్లు ఏదో చెప్పబోయి, ఆమె ముఖం చూసి తాళాల దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆరో రోజు ఒక పెద్దావిడ బట్టల బుట్ట పిడి పట్టుకుని వచ్చింది. అమ్మాయి పిడి మీది అంకె చూసింది, అయిదు. చీటీ రాసింది. సీసా ఇచ్చింది. పెద్దావిడ చీటీ మడిచి సంచిలో పెట్టుకుని, ఆమెను కాసేపు పరీక్షగా చూసి వెళ్లిపోయింది.

మర్నాడు అదే పెద్దావిడ, అదే పిడితో వచ్చింది. పిడి ఊడిపోయి ఉంది. ఆవిడ వెనకాల తల వంచుకుని డాక్టరు నిలబడ్డాడు. ఆ పెద్దావిడ అతని నాన్నమ్మని ఆమెకు అప్పుడు తెలిసింది.

"నీ చీటీ చదువు తల్లీ," అంది నాన్నమ్మ.

ఆమె చదివింది. "నంబరు అయిదు. ముందు ప్రైమర్ పూసి, ఒక నిమిషం ఆగి, తర్వాత సూపర్ గ్లూ."

"ఎన్ని సీసాలు?"

"రెండు."

"నువ్విచ్చింది?"

సంచిలోంచి వచ్చింది ఒకటే సీసా. గమ్ము పట్టేలా ముందు పూసే ప్రైమర్ లేదు. అయిదో నంబరు ప్లాస్టిక్‌కి ప్రైమర్ లేకుండా సూపర్ గ్లూ ఇచ్చింది. చెయ్యొద్దని వీధిలో ఎవరినైనా ఆపి మరీ ఆమె చెప్పే తప్పు అది. మూడేళ్లలో ఒక్కసారి కూడా జరగలేదు. ఆమె ముఖం పాలిపోయింది.

"క్షమించండి. నేనెప్పుడూ ఇలా..."

"ఎప్పుడూ చెయ్యవని నాకు తెలుసు. గమ్ము డాక్టరు తప్పు చెయ్యదని వీడు నెల రోజులుగా నా చెవిలో జోరీగలా పోరుతున్నాడు. నిన్న నిన్ను చూద్దామనే వచ్చాను. చీటీ రాస్తూ రోడ్డు వైపు నాలుగుసార్లు చూశావు. వీడు ఇంట్లో అన్నం మానేసి గోడలు చూస్తున్నాడు. నువ్విక్కడ ప్రైమర్ మానేసి రోడ్డు చూస్తున్నావు. ఇదేం వరస?"

పైపుల వెనకనుంచి పెదనాన్న దగ్గాడు.

నాన్నమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. గొంతు తగ్గించింది. "వీడన్న మాట నాకు చెప్పాడు. ఆ మాట వీడికి మా ఇంట్లోనే అబ్బింది. నేను టెలిఫోన్ ఆఫీసులో పనిచేసేదాన్ని. పెళ్లయ్యాక మా ఆయన, నీకెందుకా కష్టం అన్నాడు. ప్రేమగానే అన్నాడు. నేనూ మానేశాను. ఇప్పటికీ ఇంట్లో ఫోను మోగితే ముందు నా చెయ్యే లేస్తుంది. ఆ సంగతి నిన్న రాత్రి దాకా ఎవరికీ చెప్పలేదు."

డాక్టరు ముందుకొచ్చాడు.

"నాకు రోజంతా వంగి వంగి నడుం పట్టేస్తుంది. మీకలాంటి నొప్పి ఉండకూడదనుకున్నాను. మిమ్మల్ని ఒక్క మాట అడగలేదు. ఈ పని మీకేమిటో కళ్లారా చూసి కూడా అలా అన్నాను. నన్నెవరైనా పెళ్లయ్యాక పళ్లు మానెయ్యమంటే వాళ్ల పళ్లు రాలగొట్టేవాణ్ణి. మీరు వెళ్లమని ఊరుకున్నారు."

ఆమె నవ్వకూడదనుకుంది. కళ్లల్లో నీళ్లు, పెదవి మీద నవ్వు రెండూ ఒకేసారి వచ్చాయి. ముంజేతితో కళ్లు తుడుచుకుని, కౌంటరు మీద అరచెయ్యి ఆనించి, గట్టిగా చెప్పింది.

"ముందే చెబుతున్నాను. ఈ కౌంటరు నేను వదలను. మీ క్లినిక్ ఎంత పెద్దదైనా వదలను. మీ ఇంట్లో ఎవరేమనుకున్నా వదలను. రేపు పిల్లలు పుట్టినా వదలను."

నాన్నమ్మ పెదనాన్న వైపు చూసింది. పెదనాన్న నాన్నమ్మ వైపు చూశాడు.

"పిల్లలదాకా వచ్చింది," అంది నాన్నమ్మ తృప్తిగా. "ఇంక నేను అడగాల్సిందేమీ లేదు. మీరేమంటారు?"

"నేననేదేముందండీ," అన్నాడు పెదనాన్న. "నా షాపులో ఆ మూలకే జనం ఎక్కువ. అది ఎవరూ తీసుకుపోరంటే నాకదే చాలు."

ఏం అనేసిందో ఆమెకు అప్పుడు తట్టింది. చెవులు భగ్గుమన్నాయి. కానీ అన్న మాట వెనక్కి తీసుకోలేదు. డాక్టరు కళ్లల్లోకి సూటిగా చూసింది.

"నాకూ మీరంటే చాలా ఇష్టం. వర్షంలోనే చెప్పేదాన్ని. మీరు ఒక్క మాట ముందు ఆగి ఉంటే."

రోజంతా ఊరందరినీ నోరు తెరవమనే డాక్టరు, తనే నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. నాన్నమ్మ లేచి, అతని గడ్డం పట్టుకుని మూసింది.